పెట్టెలో తీగ ఎక్కడ తాకాలి

డిసెంబరు వచ్చిందంటే మా పాలకొల్లు, నరసాపురం వైపు చర్చిల్లో క్రిస్మస్ పాటల రిహార్సల్స్ మొదలవుతాయి. పెద్ద డ్రమ్స్ సెట్టు కొనలేని చోట, కొన్నా ఆటోలో ఎక్కించి ఊరూరా తిప్పలేని చోట, ఇప్పుడు ఒక చెక్కపెట్టె కనిపిస్తోంది. కుర్రాడు దాని మీదే కూర్చుంటాడు. కాళ్లు రెండూ ఎడంగా పెట్టి, కాస్త ముందుకు వంగి, తన కాళ్ల మధ్య ఉన్న పలకను చేతులతో వాయిస్తాడు. అరచేత్తో పలక మధ్యభాగంలో కొడితే ‘ధుమ్’. వేళ్లతో పై అంచు మీద కొడితే ‘ఛస్’. ఆ ‘ఛస్’ కోసం పెట్టె లోపల, పలక వెనక సన్నటి తీగలు ఆనించి ఉంటాయి. డ్రమ్స్ సెట్టులో కాలితో తొక్కే పెద్ద డ్రమ్మూ, పుల్లలతో కొట్టే స్నేర్ డ్రమ్మూ రెండూ ఆ ఒక్క పలకలోనే ఉన్నట్టుంటుంది. స్పానిష్‌లో దాని పేరు కహోన్. మన కుర్రాళ్లు చాలామంది కాజోన్ అంటారు.

నేను ఇలాంటి పెట్టెలు కొన్నేళ్లుగా చేయిస్తున్నాను, పాడైనవి బాగుచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో ముప్పాతిక వంతు ఒకటే. “ధుమ్ కొడుతుంటే లోపల తీగ కూడా మోగుతోందండీ.” నిజంగానే ఆ పెట్టె ఉబ్బసం మనిషిలా ఉంటుంది, ప్రతి బరువైన దెబ్బ వెనకా సన్నగా పిల్లికూత. దీనికి విరుగుడుగా తీగ బిగిస్తారు. అప్పుడు ధుమ్ శుభ్రపడుతుంది, ఛస్ చచ్చిపోతుంది. మళ్లీ వదులు చేస్తారు. పిల్లికూత తిరిగొస్తుంది.

ఈ చిక్కు బిగింపుతో మాత్రమే తేలేది కాదు. ధుమ్ ఒక దారిన పుడుతుంది, ఛస్ ఇంకో దారిన పుడుతుంది, రెండింటికీ ఆధారం మాత్రం ఒకే పలక. ఆ పలక మీద ఎవరి చోటు వాళ్లకు పంచిపెట్టడమే ఈ వాయిద్యం డిజైన్. పెట్టె కొలతలు, ప్లైవుడ్ మందం, వెనక బెజ్జం, స్క్రూల వరస, అన్నీ ఆ పంపకం కిందికే వస్తాయి.

సరుకు పెట్టె నుంచి

కహోన్ పుట్టిల్లు పెరూ దేశపు తీరప్రాంతం. స్పానిష్ వాళ్లు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా ప్రజలు, రేవుల్లో సరుకు దించాక మిగిలిన చెక్కపెట్టెలను, సొరుగులను తిరగేసి వాయించడంతో ఇది మొదలైందంటారు. ఆ దేశంలో బానిసత్వం రద్దయింది 1854లో. ఆ పెట్టెను పెరూ ప్రభుత్వం తమ జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది 2001లో. అంత ఆలస్యంగా దక్కిన గౌరవం అది. కహోన్ అన్న మాటకే పెద్ద పెట్టె అని అర్థం. ముందు పలకను ‘తాపా’ అంటారు, అంటే మూత.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పెరూ కహోన్‌లో తీగ ఉండదు. చెక్క, గాలి, చేయి, అంతే. 1970ల చివర్లో స్పెయిన్ గిటార్ విద్వాంసుడు పాకో దె లూసియా పెరూ రాజధాని లిమాలో ఈ వాయిద్యాన్ని చూసి తన ఫ్లమెంకో (స్పెయిన్ వాళ్ల పాట, నృత్య సంప్రదాయం) బృందంలోకి తీసుకెళ్లాడు. కైత్రో సోతో అనే పెరూ కళాకారుడి దగ్గర ఆయనకు ఆ పెట్టె దొరికింది. ఫ్లమెంకోలో చప్పట్లూ కాలి మడమల చప్పుడూ పదునుగా ఉంటాయి. వాటి సరసన నిలబడాలంటే పెట్టెకూ పదును కావాల్సి వచ్చింది. అలా పలక వెనక గిటార్ తీగలు చేరాయి. ఆ తరవాత స్నేర్ డ్రమ్ము అడుగున ఉండే చుట్టతీగలు కూడా వచ్చాయి. కాబట్టి మన చర్చిలో మోగే పెట్టె రెండు ఖండాల బిడ్డ. ధుమ్ పెరూది, ఛస్ స్పెయిన్‌ది.

సరుకు పెట్టె అనగానే మా డెల్టా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. భీమవరం, ఆకివీడు వైపు చేపల లోడు ఎత్తే చోట ఖాళీ పెట్టె మీద కూర్చుని వేళ్లతో దరువు వెయ్యని కుర్రాడు ఉండడు. పెట్టె దొరికితే మనిషి చేయి ఊరుకోదు.

ధుమ్ అనేది గాలి పని

చాలామంది బరువైన శబ్దం పలక నుంచే వస్తుందనుకుంటారు. పలక దాన్ని మొదలుపెడుతుంది, నిజమే. ఆ శబ్దానికి కడుపు నింపేది మాత్రం పెట్టెలోని గాలి. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ‘బూ’ అని వస్తుంది కదా, అదే సూత్రం. మూతి దగ్గరున్న గాలి ఒక బిరడాలా ముందుకూ వెనక్కూ ఊగుతుంది, లోపలున్న గాలి దానికి స్ప్రింగులా పనిచేస్తుంది. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దీన్ని లెక్కలోకి తెచ్చాడు.

ఘటం వాయించేవాళ్లను చూడండి. మూతిని పొట్టకు ఆనించి, మళ్లీ కొంచెం ఎడం చేసి, బరువు శబ్దాన్ని సాగదీస్తారు. మూతి మూసుకున్నకొద్దీ స్వరస్థాయి దిగుతుంది. కహోన్ వెనక చెక్కకు పెట్టే గుండ్రటి బెజ్జం ఆ ఘటం మూతే.

మామూలు కొలత తీసుకుందాం. బయట 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 లోతు, 48 ఎత్తు. ఒళ్లు 12 మిల్లీమీటర్ల ప్లై. లోపల చోటు సుమారు 36 లీటర్లు వస్తుంది. వెనక బెజ్జం 11 సెంటీమీటర్ల అడ్డుకొలతతో కోస్తే గాలి ఊగే వేగం లెక్క ప్రకారం సెకనుకు 90 సార్లకు అటూ ఇటూగా తేలుతుంది, అంటే 90 హెర్ట్జ్. బెజ్జాన్ని 10కి తగ్గిస్తే అది 87 అవుతుంది, 12కి పెంచితే 96. ఈ లెక్క చూస్తే ఒక విషయం తెలుస్తుంది. బెజ్జం ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే కొంపలు మునగవు. పెట్టె లోపలి చోటును సగం చేస్తే మాత్రం స్థాయి నలభై శాతం పైకి పోతుంది. పిల్లల కోసం చిన్న పెట్టె చేసి “ధుమ్ రావట్లేదు” అని బెజ్జం పెంచుతూ పోయేవాళ్లు, తెలియకుండా దాన్ని ఇంకా పలచన చేసుకుంటున్నారు. అక్కడ బెజ్జం తగ్గించాలి.

అసలు పలకా గాలీ విడివిడిగా ఉండవు, ఒకదాన్నొకటి లాగుతాయి. అందుకే కొలిచి చూసిన అంకె లెక్క అంకెకు కాస్త పక్కన పడుతుంది. ఎక్కడ పడిందో చూడటానికి నేను చేసే పని ఇది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, చిన్న స్పీకరుకు కలిపి, దాన్ని పెట్టె వెనక బెజ్జానికి ఎదురుగా పెడతాను. 60 దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతూ, ముందు పలక మీద అరచెయ్యి ఆనించి ఉంచుతాను. ఒకచోట పలక ఒక్కసారిగా చేతికింద నిద్రలేచినట్టు అదురుతుంది. ఆ అంకెను పెన్సిల్‌తో పెట్టె లోపల రాసిపెడతాను.

పలక మందం

నా మొదటి పెట్టెకు ముందు పలక 6 మిల్లీమీటర్ల ప్లైతో వేయించాను. గట్టిగా ఉంటే ఎక్కువకాలం మన్నుతుందని నా ఆలోచన. బిగించి రెండు దెబ్బలు కొట్టగానే మేస్త్రీ చిత్రిక పక్కన పెట్టి అన్నాడు: “ఆయ్, ఇది వాయిద్యం కాదండి బాబూ, తలుపండి. లోపల్నుంచి ఎవరో వచ్చి గడియ తీసేలా ఉన్నారు.”

ఆయన అన్నది అక్షరాలా సరైన మాట. పలక వంగడానికి ఇచ్చే బిగువు మందంతో పాటు మామూలుగా పెరగదు, మందం ఘనంతో పెరుగుతుంది. 3 మిల్లీమీటర్ల పలకను 4కి మారిస్తే బిగువు దాదాపు రెండున్నర రెట్లవుతుంది. బరువు కూడా పెరుగుతుంది కనక మోగే స్థాయి అంత పెరగదు, మూడో వంతు పెరుగుతుంది. 6కి వెళితే బిగువు ఎనిమిది రెట్లు. అప్పుడు చెయ్యి నొప్పి పుడుతుంది తప్ప పలక కదలదు, లోపలి గాలికి కబురే అందదు. అందుకే ముందు పలక 3 మిల్లీమీటర్ల దగ్గరే ఉండాలి. దుకాణంలో 3 అని ఇచ్చిన షీటు నిజంగా 3 ఉండదు, కాబట్టి వెర్నియర్ (మందం కొలిచే పనిముట్టు) పెట్టి నాలుగు అంచుల్లోనూ కొలుచుకోండి. కొన్ని షీట్లు ఒక మూల పలచగా, ఇంకో మూల మందంగా ఉంటాయి. నేను పలచటి అంచును ఎప్పుడూ పైకి పెడతాను, ఛస్ అక్కడే పుడుతుంది కనక.

షీటు ఎంచుకునేటప్పుడు ఒక మూల రెండు వేళ్లతో వేలాడదీసి, మధ్యలో వేలి కణుపుతో తట్టాలి. బాగున్న షీటు కాసేపు పలుకుతుంది. లోపల పొరల మధ్య ఖాళీ ఉన్నది ‘డప్’ అని ఆగిపోతుంది, అది పైకి ఎంత అందంగా ఉన్నా తీసుకోవద్దు. ప్లైలో పైపొర నార ఏ దిక్కున ఉంటే ఆ దిక్కున బిగువు ఎక్కువ. నార నిలువుగా వేస్తే నిలువుకు బిగుస్తుంది, అడ్డానికి తేలిగ్గా వంగుతుంది. నేను నిలువుగానే వేస్తాను. అడ్డంగా వేసి బాగా మోగించేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు.

ధుమ్ ఇంకా కిందికి దిగాలనుకుంటే పలకకు బరువు చేర్చడం ఒక దారి. మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద అంటించేది ఎందుకు? బరువు చేరితే స్థాయి దిగుతుంది. కహోన్ పలక వెనక నడిమధ్యన చిన్న తోలు ముక్క అంటించినా అదే జరుగుతుంది. ముక్క పెద్దదయితే గొంతు పూడుకుపోతుంది, కాబట్టి రూపాయి బిళ్లంతతో మొదలుపెట్టండి.

తీగ చేసే పని

అసలు సంగతి ఇప్పుడొస్తుంది. తీగ శబ్దం అంటే తీగ మీటిన శబ్దం అని చాలామంది అనుకుంటారు. వీణ తీగలా అది స్వరం పలకదు. పలక వెనక్కి ఆనుకుని ఉన్న తీగ, పలక కదిలినప్పుడు దాన్నుంచి విడిపోయి, మళ్లీ వచ్చి తగులుతుంది. మళ్లీ విడిపోతుంది, మళ్లీ తగులుతుంది. ఒక్క దెబ్బలో ఇలాంటి చిన్నచిన్న తాకుళ్లు ఎన్నో జరుగుతాయి, ఏవీ ఒక క్రమంలో ఉండవు. ఆ గజిబిజే మన చెవికి ‘ఛస్’ అని వినిపిస్తుంది. ఇసుక జల్లెడ పట్టిన చప్పుడుకూ దీనికీ చుట్టరికం ఉంది.

మనకు ఇది కొత్త విద్యేమీ కాదు. తంబురా గుర్రం (బ్రిడ్జి) మీద తీగ కింద ఒక నూలుపోగు పెట్టి, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, నాదం తెరుచుకునేదాకా వెతుకుతారు. ఆ పోగును ‘జీవ’ అంటారు. ఎంత చక్కటి పేరు! తీగ గుర్రాన్ని ఆనీ ఆనకుండా ఉంటేనే తంబురాకు ప్రాణం. మృదంగం కుడి మూతలో పొరల మధ్య సన్నటి పుల్లలు పెట్టిన రకాన్ని కుచ్చి మృదంగం అంటారు, రాతిపొడి పెట్టిన దాన్ని కప్పి మృదంగం అంటారు. పడమటి దేశాల్లో పాత డోళ్లకు జంతువుల పేగుతో చేసిన నరాన్ని మూతకు అడ్డంగా కట్టేవాళ్లు, స్నేర్ డ్రమ్ము దాని సంతానమే. అన్నిచోట్లా కిటుకు ఒకటే: గట్టిగా పట్టుకోకూడదు, పూర్తిగా వదలకూడదు.

మరి ఎంత ఆనితే చాలు? దీనికి కాస్త లెక్క సాయం తీసుకుందాం. తీగ పలకను వదిలేది పలక ఎంత దూరం కదిలిందన్న దాన్నిబట్టి కాదు, ఎంత కుదుపుతో వెనక్కి తిరిగిందన్న దాన్నిబట్టి. బస్సు మెల్లగా వంతెనెక్కి దిగితే సీట్లోంచి లేవం. గోతిలో పడితే ఎగురుతాం, గొయ్యి చిన్నదే అయినా. పలక 90 హెర్ట్జ్ దగ్గర 0.1 మిల్లీమీటరు మేర ఊగినా చాలు, ఆ కుదుపు భూమి లాగే బలానికి మూడు రెట్లు దాటుతుంది. ఊరికే ఆనుకున్న తీగ అక్కడే ఎగిరిపోతుంది. పిల్లికూతకు కారణం అదే. ఇక పై అంచున వేళ్లతో కొట్టిన దెబ్బలో 400 హెర్ట్జ్ కదలిక ఉందనుకోండి. అంతే కుదుపు రావడానికి అక్కడ ఇరవయ్యో వంతు కదలిక సరిపోతుంది.

డిజైన్‌కు దారి ఇక్కడే దొరుకుతుంది. తీగను ఒక మోస్తరు బలంతో పలకకు ఆనిస్తే, నెమ్మదిగా ఊగే ధుమ్‌తో పాటు తీగ కూడా పలకను అంటిపెట్టుకుని ఊగుతుంది, విడిపోదు. వేగంగా వణికే ఛస్ దెబ్బకు మాత్రం వెంట వెళ్లలేక విడిపోతుంది. అంటే సరైన బిగింపు ఒక జల్లెడ. అయితే బిగింపు ఒక్కటే సరిపోదు, వాయించేవాడు గట్టిగా ధుమ్ కొడితే జల్లెడ తెగుతుంది. అందుకు రెండో కాపలా కావాలి, అది చోటు. ధుమ్ కొట్టినప్పుడు పలక నడిమధ్యన ఎక్కువ ఊగుతుంది. స్క్రూలతో పట్టి ఉంచిన అంచుల దగ్గర ఆ ఊపు చాలా తక్కువ. వేళ్ల దెబ్బ పడేది పై అంచునే కనక అక్కడ ఛస్ కదలిక ఎక్కువ. తీగ తాకాల్సిన చోటు పలక పైభాగం, పై అంచు నుంచి ఐదారు సెంటీమీటర్ల లోపల, రెండు మూలలకు దగ్గరగా. నడిమధ్యన తాకకూడదు.

ఇది కళ్లతో చూడాలనుకునేవాళ్లు ఒక పని చెయ్యొచ్చు. పెట్టెను వెల్లకిలా, పలక పైకి వచ్చేలా, నాలుగు ఇటుకల మీద పెట్టండి, వెనక బెజ్జం మూసుకుపోకూడదు. పలక మీద ఎండిన గోదావరి ఇసుక పలచగా చల్లండి. ఇందాకటి స్పీకరును కింద బెజ్జం దగ్గర పెట్టి ధుమ్ అంకె మోగించండి. మధ్యలో ఇసుక ఎగిరి అంచులకు పారిపోతుంది. అంచుల దగ్గరి ఇసుక మాత్రం కదలకుండా కూర్చుంటుంది. జర్మనీలో ఎర్న్‌స్ట్ క్లాడ్ని ఇలాంటి ఇసుక బొమ్మలను 1787లో పుస్తకంగా అచ్చువేశాడు. ఆ ఇసుక ఎక్కడ కదలకుండా కూర్చుందో అక్కడ తీగకు ధుమ్ బాధ లేదు. నేను మొదటిసారి ఇది చూసినప్పుడు అంతకుముందు చేయించిన మూడు పెట్టెలు విప్పి తీగల చోటు మార్పించాను.

రెండు రకాల కట్టుడు

ఫ్లమెంకో పద్ధతిలో గిటార్ సన్నతీగలు పైనుంచి కిందిదాకా పలక పొడుగునా పోతాయి. కింద స్క్రూ తిప్పితే బిగుస్తాయి. ఛస్ పొడిగా, పదునుగా, రెండు ముక్కలుగా వినిపిస్తుంది. కానీ తీగ పలక మధ్య నుంచి పోతోంది కదా, ధుమ్ ఊపంతా దాని మీదే పడుతుంది. అందుకని కింది సగంలో తీగకూ పలకకూ మధ్య ఫెల్టు గుడ్డ గానీ మెత్తటి ఫోమ్ ముక్క గానీ పెడతారు. నాకు ఈ పద్ధతి వినడానికి ఇష్టం, మా వాతావరణంలో నిలబెట్టడం మాత్రం కష్టం.

రెండోది మా దగ్గర ఎక్కువ చేయించేది. స్నేర్ డ్రమ్ము కింద పెట్టే 20 చుట్టతీగల పట్టీ మ్యూజిక్ షాపుల్లో దొరుకుతుంది, 14 అంగుళాల డ్రమ్ముకు వచ్చేది. దాన్ని నడిమికి కత్తిరిస్తే రెండు సగాలు వస్తాయి. ఒక్కో సగానికి ఒకవైపు లోహపు పట్టీ ఉంటుంది, ఇంకోవైపు తీగల కొసలు విడివిడిగా ఉంటాయి. పెట్టె లోపల, పై అంచుకు 12 నుంచి 15 సెంటీమీటర్ల కింద, ఎడమ గోడ నుంచి కుడి గోడకు ఒక గుండ్రటి చెక్క కడ్డీ అడ్డంగా వేస్తాం. లోహపు పట్టీలను ఆ కడ్డీకి స్క్రూ చేసి, తీగల కొసలు పైకి చూస్తూ పలక పై మూలలను తాకేలా కాస్త వంపు ఇస్తాం. కడ్డీ ఒక కొస పక్కగోడ నుంచి బయటికి వస్తుంది, అక్కడ రెక్కల నట్టు. దాన్ని కొద్దిగా తిప్పితే తీగలు పలకను ఎక్కువ నొక్కుతాయి, ఇంకోవైపు తిప్పితే పూర్తిగా వదిలేస్తాయి. తీగ లేకుండా పెరూ పెట్టెలాగా వాయించుకోవాలన్నా కుదురుతుంది. భజనల్లో తబలా పక్కన వాయించేటప్పుడు ఛస్ అడ్డం వస్తుంది. అప్పుడు తీగ వదిలేస్తే చాలు, పెట్టె ఒద్దికగా కూర్చుంటుంది.

కొసలు విడివిడిగా ఉండటంలో ఒక లాభముంది. ఇరవై తీగలూ ఒకేలా వంగవు, ఒకదాని తాకుడు ఇంకోదానితో కలవదు. అందుకే శబ్దం చిక్కగా, ఇసుకలా వస్తుంది. కత్తిరించిన కొసలు పలకను గీరకుండా వేలితో కొద్దిగా వెనక్కి వంచాలి. చుట్ట పక్క మాత్రమే తాకాలి, కొస తాకకూడదు. కొస తాకిన తీగ చెక్కలో గుంట తవ్వుకుంటుంది, ఆ గుంటలో కూర్చుని ఇక మోగదు.

బిగింపు చూసుకోవడానికి నేను వాడేది క్యాలెండరు కాగితం. ఒక వేలెడు వెడల్పు పట్టీ చించి, వెనక బెజ్జంలోంచి చెయ్యి పెట్టి తీగలకూ పలకకూ మధ్య దూర్చి, మెల్లగా లాగుతాను. దానంతట అదే జారిపోతే వదులు. చిరిగితే బిగువు. గ్రంథంలో పెట్టిన నెమలీక లాగితే ఎలా వస్తుందో, కాస్త మొరాయించి వస్తే సరిపోయినట్టు. ఎడమ మూలా కుడి మూలా రెండూ ఒకేలా వచ్చేదాకా చూసుకోవాలి. చెయ్యి పట్టేంత బెజ్జం ఉండాలన్నది ఈ పని కోసం కూడానండీ, పది సెంటీమీటర్ల కంటే చిన్నగా కోసిన పెట్టె బాగుచేయడానికి వస్తే నా మణికట్టు గీరుకుపోతుంది.

స్క్రూల గురించి ఒక్క మాట. ముందు పలకను పక్కలకూ అడుగుకూ ఐదారు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున గట్టిగా బిగించండి. పై రెండు మూలల దగ్గర మాత్రం ఒక స్క్రూ వదిలేసి, దాని పక్క స్క్రూను అరచుట్టు వదులు చేసి చూడండి. అక్కడ పలక చట్రానికి తగిలి ‘టక్’ అంటుంది, ఛస్‌కు అది మొన. ఎంత వదులు అన్నది వాయించేవాడి చెయ్యి చెప్పాలి.

మన గాలి, మన తేమ

పుస్తకాల్లో చెప్పిన కొలతలన్నీ ఎండు దేశాలకు సరిపోతాయి. ధవళేశ్వరం దిగువన ఏ ఊరు తీసుకున్నా ఒకవైపు కాలవ, ఇంకోవైపు చేను, లేదా చెరువు. అంతర్వేది వైపు వెళ్తే ఉప్పుగాలి కూడా. శ్రావణంలో మోగిన పెట్టె మాఘంలో అదే గొంతుతో మోగదు.

పనస కర్రతో పెట్టె చేయించమని అడిగేవాళ్లున్నారు, వీణకూ మృదంగానికీ అదే కదా అని. మృదంగం ఒకే దుంగను తొలిచి చేసింది, ఉబ్బినా కుంగినా ఒళ్లంతా కలిసి కదులుతుంది. పెట్టె ఆరు పలకల కూర్పు. నిండు కర్ర నారకు అడ్డంగా ఉబ్బుతుంది, నార వెంబడి దాదాపు ఉబ్బదు. మూలల్లో ఒక పలక నార ఇంకో పలక నారకు ఎదురుపడిన చోట అతుకు విడిపోతుంది, పెట్టె గాలి కారుస్తుంది, ధుమ్ పోతుంది. ప్లైలో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కనక ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. పెట్టెకు ప్లై వాడటం పొదుపు కోసమే అనుకోకండి.

ఏ ప్లై? షీటు మీద ఐఎస్ 303 అని ఉంటే మామూలు వాడకానిది, ఐఎస్ 710 అని ఉంటే మెరైన్ ప్లై. మెరైన్‌కు పెట్టే పరీక్షలో ముక్కను 72 గంటలు నీళ్లలో మరిగిస్తారు, పొరలు విడిపోకూడదు. ఒళ్లుకు నేను మెరైన్ ప్లైనే వాడతాను. ఒకసారి ఒక దుకాణంలో 710 ముద్ర ఉన్న షీటు కొన్నాను. రెండు వానలకే అడుగు అంచు పుస్తకంలా పేజీలు పేజీలుగా విచ్చుకుంది. ఆ పెట్టె ఒక బడి పిల్లల కోసం చేసింది, వాళ్ల ముందు తలెత్తుకోలేకపోయాను. అప్పటినుంచి షీటు కోసిన వెంటనే రెండంగుళాల ముక్క ఒకటి పాత గిన్నెలో వేసి, సాయంత్రందాకా పొయ్యి మీద మరిగిస్తాను. పొర లేస్తే ఆ షీటు వాపసు.

పాలిష్ దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. బయట మూడు కోటింగులు వేసి లోపల వట్టి చెక్క వదిలేస్తారు. తేమ లోపలి నుంచే ఎక్కుతుంది, వెనక బెజ్జం తెరిచే ఉంటుంది కదా. ఒక మొహం తేమ పీల్చి ఇంకోటి పీల్చకపోతే పలక డొప్పలా వంగుతుంది. ముందు పలక బయటికి డొప్ప తిరిగితే తీగకు అందదు, లోపలికి తిరిగితే తీగను తొక్కేస్తుంది. చేతిలో ఎంత కళ ఉన్నా అప్పుడు లాభం లేదు. కాబట్టి రెండు మొహాలకూ, అన్నిటికంటే ముందు కోసిన అంచులకూ, సమానంగా సీలర్ పట్టించండి. ముందు పలకకు మాత్రం పలచగా రెండు కోటింగులు చాలు, మందంగా పూస్తే బరువెక్కి గొంతు మసకబారుతుంది.

తీగలకు తుప్పు. దొరికితే స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ కొనండి. దొరక్కపోతే కుట్టుమిషను నూనె ఒక్క చుక్క గుడ్డకు అద్ది, తీగల మీద తుడిచీ తుడవనట్టు రాయండి. ఎక్కువ రాస్తే తీగ పలకకు అంటుకుంటుంది. తుప్పు పట్టిన చుట్టతీగలో చుట్లు ఒకదానికొకటి పట్టేసి కడ్డీలా మారతాయి, అప్పుడు ఛస్ కాస్తా ‘టిక్’ అవుతుంది. పట్టీ మార్చాల్సిందే, ఇంకో మందు లేదు. పెట్టె అడుగున నాలుగు రబ్బరు బుష్‌లు వేయడం మరచిపోకండి. నేల తడికి దూరంగా ఉంటుంది, స్టేజీ చెక్కలు దాని ఊపును మింగేయకుండానూ ఉంటుంది.

ఇక మైకు. పండగ స్టేజీ మీద ముందు పలకకు ఒక మైకు, వెనక బెజ్జానికి ఒక మైకు పెట్టినప్పుడు ధుమ్ మాయమైపోయిందని గాభరా పడతారు. పలక లోపలికి పోయినప్పుడు వెనక గాలి బయటికి తోసుకొస్తుంది, రెండు మైకులూ ఒకే దెబ్బను ఎదురెదురుగా వింటాయి. మిక్సర్‌లో ఒక ఛానల్‌కు ఫేజ్ బటన్ (శబ్దపు ఊపును తిరగేసేది) తిప్పితే రెండూ కలుస్తాయి, ధుమ్ తిరిగొస్తుంది. ఒకటే మైకు ఉంటే ధుమ్ కావాలనుకునేవాళ్లు వెనక పెట్టుకోవాలి, ఛస్ కావాలనుకునేవాళ్లు ముందు పెట్టుకోవాలి.

మొన్న ఆచంట వైపు నుంచి ఒక పాప పెట్టె తెచ్చింది. ఇంటర్ చదువుతోంది, చర్చిలో వాయిస్తుంది. “అంకుల్, అందరూ తీగ బిగించమంటున్నారండి, బిగిస్తే నా చేతి దెబ్బకి అది పలకట్లేదండి” అంది. ఆమె చేతి దెబ్బ తేలిక, వేళ్లు సన్నం. లోపల చూస్తే తీగల పట్టీ నడిమధ్యన ఉంది. దాన్ని విప్పి, పై మూలలకు జరిపి, కడ్డీని ఆమె చేతే తిప్పించాను. క్యాలెండరు కాగితం ఆమే లాగింది, మొరాయించి వచ్చింది. ముందు మెల్లగా రెండు ధుమ్‌లు కొట్టింది, వెనక ఏ కూతా లేదు. తరవాత ఉంగరం వేలి కొసతో పై అంచు మీద అలా తాకించింది. పొయ్యి మీద పోపు పడ్డట్టు ‘ఛస్’ మంది. రెక్కల నట్టు దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, వానాకాలం అయ్యాక గీత ఎటు జరపాల్సి వచ్చిందో చెప్పమని పంపించాను.